పాత కారుకు డిస్క్ బ్రేకులు: మన షెడ్లలో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

నాయన వాడిన అంబాసిడరో, ప్రీమియర్ పద్మినో, స్టాండర్డ్ హెరాల్డో బాగుచేయించి మళ్లీ రోడ్డెక్కించే వాళ్లు నెల్లూరు, ఒంగోలు వైపు పెరుగుతున్నారు. కావలి దాటి హైవే ఎక్కాక ముందు పోయే కొత్త కారు ఏబీఎస్‌తో ఠక్కున ఆగుతుంది, మన బండి ఆగదు. ఆ భయం న్యాయమైనదే. కానీ ఆ భయంతో హడావుడిగా చేయించే మార్పులు చాలాసార్లు ఉన్న బ్రేకునూ చెడగొడతాయి.

అపోహ: "ముందు డిస్కులేస్తే చాలన్నా, తొక్కగానే బండి నిలబడిద్ది."

అంబాసిడర్ ముందు చక్రాల్లో రెండు షూలూ (డ్రమ్ము లోపల ఒరిసి చక్రాన్ని ఆపే వంపు పట్టీలు) తిరిగే డ్రమ్ములోకి తమంతట తాము లాక్కోబడతాయి. అందుకే బూస్టర్ (వాక్యూమ్‌తో కాలి బలానికి తోడయ్యే పరికరం) లేకపోయినా కాలి బలం సరిపోతుంది. (రివర్సులో అవే షూలు ఎదురు తిరుగుతాయి, పట్టు బాగా తగ్గుతుంది. వాలులో వెనక్కి దిగేటప్పుడు ఇది గుర్తుండాలి.) డిస్కుకు ఈ లాగుడు సాయం లేదు. డిస్కును బిగించే ప్యాడును ఎంత నొక్కితే అంతే పట్టు. బూస్టర్ లేకుండా డిస్కులు వేస్తే పెడల్ చెక్కలా ఉంటుంది, బండి ఇంకా దూరం పోతుంది.

డిస్కు ఇచ్చే లాభం వేరే ఉంది. రాపూరు - చిట్వేలు ఘాట్లోనో, దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్లోనో మాటిమాటికీ బ్రేకు తొక్కితే డ్రమ్ము వేడెక్కి వ్యాకోచిస్తుంది, షూకు దూరమవుతుంది, పెడల్ లోపలికి పోతుంది. డిస్కు వేడిని త్వరగా వదిలేస్తుంది, తడిసినా వెంటనే ఆరుతుంది. అయితే ఒక్కసారి గట్టిగా తొక్కినప్పుడు డ్రమ్ములే చక్రాన్ని లాక్ చేయగలిగితే, ఆ పైన ఆపాల్సింది టైరే. టైరు పక్కన డాట్ అక్షరాల వరసలో చివరి నాలుగంకెలు చూడండి: 2316 అంటే 2016లో 23వ వారం. అంత పాత, గట్టిపడిన టైరు మీద ఏ డిస్కు వేసినా డబ్బు దండగ.

అపోహ: "మాస్టర్ సిలిండర్ పాతదే ఉంచు, అదెందుకు మార్చడం?"

ఎక్కువ బళ్లు చెడేది ఇక్కడే. పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాలకు నెట్టేది మాస్టర్ సిలిండరే. డ్రమ్ము బ్రేకుల మాస్టర్ సిలిండర్లో చాలావాటికి ఒక చిన్న వాల్వు ఉంటుంది. షూలను తోసే వీల్ సిలిండర్లలోని రబ్బరు కప్పులు ముడుచుకోకుండా, పెడల్ వదిలాక కూడా లైన్లో సుమారు 10 పీఎస్ఐ ఒత్తిడి నిలిపి ఉంచడం దాని పని. డిస్కు లైన్లో ఆ ఒత్తిడి ఉంటే ప్యాడ్లు రాసుకుంటూనే ఉంటాయి. పది కిలోమీటర్లు పోయేసరికి హబ్బు (చక్రం నడిమి భాగం) చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, మాడిన వాసన వస్తుంది, డిస్కు నీలం రంగుకు తిరుగుతుంది.

అలాగని వాల్వు పీకేసి ఊరుకోకూడదు. పాత అంబాసిడర్లలో మాదిరి సిలిండర్ కాళ్ల కింద, ఫ్లోరు అడుగున ఉంటే, క్యాలిపర్ (ప్యాడ్లను నొక్కే భాగం) దానికంటే ఎత్తులో ఉంటుంది. ఆయిల్ వెనక్కి జారి, తెల్లారి మొదటి తొక్కుడు ఖాళీగా పోతుంది. అందుకని ముందు లైన్లో 2 పీఎస్ఐ వాల్వు, వెనక డ్రమ్ముల లైన్లో 10 పీఎస్ఐ వాల్వు విడివిడిగా పెట్టాలి.

చక్రం పట్టేసిందా? జాకీ ఎత్తి, చేత్తో తిప్పుతూ బ్లీడింగ్ నిప్పుల్ (లైన్లోని గాలి తీసే చిన్న స్క్రూ) వదులు చేయండి. ఆయిల్ చిమ్మి చక్రం వదిలితే లైన్లో ఒత్తిడి చిక్కుకుంది. వదలకపోతే తప్పు క్యాలిపర్‌ది: పిస్టన్ గానీ, జారే పిన్నులు గానీ బిగుసుకున్నాయి. ఒత్తిడే అయితే నిప్పుల్ బిగించి, ఒకసారి తొక్కి వదిలి, ఈసారి హోస్ పైపుకు ముందున్న ఇనుప పైపు నట్టు వదులు చేయండి. అక్కడే చక్రం వదిలితే తప్పు మాస్టర్ సిలిండర్ వైపు ఉంది, అంటే వాల్వు కావచ్చు, పెడల్ రాడ్డుకు కనీసం ఒక మిల్లీమీటరు ఆట (వదులు) లేకపోవడం కావచ్చు. అక్కడ వదలక నిప్పుల్ దగ్గరే వదిలితే హోస్ పైపు లోపల వాచిపోయింది. బయటికి కొత్తదిలా కనిపిస్తున్నా పారేయండి.

"పెద్ద సిలిండరేస్తే బలం పెరుగుద్ది" అనేదీ తప్పే. ముప్పావు అంగుళం బోరు (లోపలి వ్యాసం) ఉన్నది తీసి 7/8 అంగుళాలది వేస్తే, అదే కాలి బలానికి లైన్లో ఒత్తిడి 27 శాతం తగ్గుతుంది. పెడల్ పొట్టిగా, గట్టిగా అనిపిస్తుంది కాబట్టి బాగుందని భ్రమ పడతాం. డిస్కులకు ఆయిల్ ఎక్కువ కావాలి కనుక బోరు కొంచెం పెంచక తప్పకపోవచ్చు. అప్పుడు తగ్గిన ఒత్తిడిని బూస్టర్‌తో పూడ్చుకోవాలి.

మా దృష్టిలో డిస్కుల కంటే ముందు పెట్టాల్సింది టాండెం మాస్టర్ సిలిండర్, అంటే ముందుకూ వెనక్కూ వేర్వేరు సర్క్యూట్లు ఉన్నది. పాత బళ్లలో చాలావాటికి ఒకటే సర్క్యూట్. ఎక్కడ ఒక పైపు పగిలినా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. టాండెం బిగించాక కదలని బండి మీద పరీక్షించండి: ముందు నిప్పుల్ ఒకటి వదులు చేసి పెడల్ తొక్కితే బాగా కిందికి పోయినా, చివర్లో వెనక బ్రేకు పట్టాలి. ఆ తర్వాత నిప్పుల్ బిగించి, లైన్లో చేరిన గాలిని మళ్లీ తీయాలి.

అపోహ: "బూస్టర్ ఉంటే బండి దగ్గర్లోనే ఆగుద్ది."

బూస్టర్ కాలి శ్రమ తగ్గిస్తుంది, టైరు పట్టు పెంచదు. పెట్రోలు ఇంజినుకు మానిఫోల్డు నుంచి వాక్యూమ్ తీసుకోవచ్చు. డీజిల్ అంబాసిడర్‌కు వాక్యూమ్ పంపు తప్పనిసరి, ఆల్టర్నేటర్ వెనక వచ్చేది వాడొచ్చు. పని చేస్తుందో లేదో తెలియాలంటే ఇంజిన్ ఆపి ఐదారుసార్లు తొక్కండి, కాలు నొక్కి ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కొద్దిగా కిందికి జారాలి.

అపోహ: "డాట్ నంబరు ఎంత పెద్దదైతే బ్రేక్ ఆయిల్ అంత మంచిది."

డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 ఒక జాతి, గ్లైకాల్ రకం. డాట్ 5 సిలికాన్, వేరే జాతి. ఆ రెంటినీ కలపకూడదు. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. నీరు పీల్చుకున్నాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. మరిగితే ఆవిరి బుడగలు, పెడల్ దూదిలా మెత్తబడుతుంది. మైపాడు, కొత్తపట్నం గాలిలో తేమకు కొదవ లేదు, కాబట్టి రెండేళ్లకు ఆగకుండా ఏడాదికోసారి వానలు పోయాక మార్చండి. సగం వాడి మూత తీసి ఉంచిన డబ్బా వాడకండి. సీలు తీయని డబ్బాలోని డాట్ 4 ఈ పాత బళ్లన్నిటికీ చాలు.

ఇంకొకటి, రబ్బరు కప్పులను పెట్రోలుతోనో కిరోసిన్‌తోనో కడగనివ్వకండి. ఉబ్బిపోయి సిలిండర్లోనే ఇరుక్కుంటాయి. బ్రేక్ ఆయిల్‌తోనే కడగాలి. పాత లైనర్ల దుమ్మును కంప్రెసర్‌తో ఊదొద్దు, అందులో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో మూటగట్టి పారేయండి.

అపోహ: "వెనక కూడా డిస్కులేస్తేనే పూర్తయినట్టు."

అవసరం లేదు. గట్టిగా తొక్కితే బరువు ముందుకు వాలుతుంది, వెనక చక్రాలు తేలికవుతాయి. వెనక పట్టు ఎక్కువైతే అవే ముందు లాకై బండి తోక తిప్పేస్తుంది. వెనక డ్రమ్ములు తీసేస్తే హ్యాండ్ బ్రేకును మళ్లీ ఎలా అమర్చాలన్న చిక్కు ఉండనే ఉంది.

అపోహ: "రాగి పైపు తుప్పు పట్టదు, అదే మేలు."

ఉత్త రాగి అదురుకు గట్టిపడి, ఫ్లేరు (పైపు చివర విప్పార్చిన అంచు) దగ్గర పగులుతుంది. మూడు పదహారో వంతు అంగుళం స్టీలు పైపు, లేదా రాగి-నికెల్ పైపు వేసి, నట్టుకు తగ్గ ఫ్లేరు కొట్టించండి. సింగిల్ ఫ్లేరు మాత్రం వద్దు.

క్యాలిపర్ బ్రాకెట్‌ను స్టబ్ యాక్సిల్‌కు (ముందు చక్రం తిరిగే పొట్టి ఇరుసుకు) వెల్డింగ్ చేయించకండి. ఒకే ప్లేటు నుంచి లేతు మీద తీయించి, తల మీద 8.8 లేక అంతకు మించిన ముద్ర ఉన్న బోల్టులతో బిగించాలి. రిమ్ముకూ క్యాలిపర్‌కూ మధ్య కనీసం 3 మిల్లీమీటర్ల సందు ఉండాలి, స్టీరింగ్ రెండువైపులా పూర్తిగా తిప్పి చూడాలి. తీసిన డ్రమ్ములు, బ్యాక్ ప్లేట్లు నూనె రాసి దాచండి. 50 ఏళ్లు దాటిన బండికి 2021 నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ కోరాలంటే ఛాసీ, బాడీ, ఇంజిన్ అసలు రూపంలోనే ఉండాలి. అందుకే ఎక్కడా ఛాసీ కోయొద్దు.

బిగించిన రోజే ఘాట్ ఎక్కకండి. ఖాళీ రోడ్డు మీద 50 నుంచి 10 కిలోమీటర్ల వేగానికి, పూర్తిగా ఆపకుండా, పదిసార్లు తగ్గించండి. మధ్యలో చల్లబడనివ్వండి. తర్వాత నాలుగు హబ్బుల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి: ముందు రెండూ ఒకే వేడిలో ఉండాలి. ఒకటి చల్లగా ఉంటే ఆ చక్రం దగ్గర మళ్లీ మొదలుపెట్టండి.