పేర్లు చాలని ఏడాది

2021 మార్చిలో ప్రపంచ వాతావరణ సంస్థ ఒక నిర్ణయం తీసుకుంది. అట్లాంటిక్‌లో పుట్టే తుపానులకు ఇకమీదట గ్రీకు అక్షరాలను పేర్లుగా పెట్టరు. వినడానికి ఆఫీసు సర్క్యులర్‌లా ఉంటుంది. కానీ తుపానుకి గ్రీకు అక్షరం పెట్టాల్సిన అవసరం అసలెందుకొచ్చిందని వెనక్కి వెళితే 2005 దగ్గర ఆగుతాం. ఆ ఏడాది అట్లాంటిక్‌లో ఎన్ని తుపానులు వచ్చాయంటే, పెట్టడానికి పేర్లు అయిపోయాయి.

మనవైపు పెద్దవాళ్లు ఇప్పటికీ తుపానుని ఏడాదితోనో ప్రాంతంతోనో గుర్తుపెట్టుకుంటారు. 77 ఉప్పెన, దివిసీమ ఉప్పెన, 96 కోనసీమ తుపాను. కరీబియన్ దీవుల్లో కూడా ఒకప్పుడు ఇలాంటిదే ఉండేది. తుపాను పడిన రోజు ఏ సెయింట్ పండగ అయితే దానికి ఆ పేరు. ప్యూర్టోరికోలో 1876లోనూ 1928లోనూ సెప్టెంబర్ 13నే తుపాను పడింది కాబట్టి రెండూ 'శాన్ ఫెలిపే'లే అయ్యాయి. మొదటిది, రెండోది అని విడదీసి చెప్పుకోవాల్సి వచ్చింది. జరిగిపోయినదాన్ని తలుచుకోవడానికి ఈ పద్ధతి సరిపోతుంది. రేపు రాబోయేదాని గురించి హెచ్చరించడానికి పనికిరాదు, అందులోనూ సముద్రంలో ఒకేసారి రెండు మూడు తిరుగుతున్నప్పుడు. రేడియోలో అక్షాంశాలూ రేఖాంశాలూ చదివితే ఎవరికర్థమవుతుంది?

అందుకే అమెరికా వాతావరణ శాఖ 1950లో ఏబుల్, బేకర్, చార్లీ అంటూ సైన్యం వాడే అక్షరమాలతో మొదలుపెట్టి, 1953లో ఆడవాళ్ల పేర్లకు మారింది. ఇంత విధ్వంసానికి ఆడపేరే దొరికిందా అని స్త్రీవాదులు గట్టిగా నిలదీశారు. 1979 నుంచి ఒక ఆడపేరు, ఒక మగపేరు. మొత్తం ఆరు జాబితాలు, ఒక్కోదాంట్లో 21 పేర్లు, ఆరేళ్లకోసారి అదే జాబితా తిరిగొస్తుంది. క్యూ, యూ, ఎక్స్, వై, జడ్ అక్షరాలతో తగినన్ని పేర్లు దొరకవని వాటిని వదిలేశారు. 21 చాలవని అనుకోవడానికి కారణమూ లేదు. పేర్లు పెట్టడం మొదలయ్యాక ఎక్కువగా వచ్చింది 1995లో, అప్పుడూ 19 దగ్గర ఆగింది. 1933లో 20 వచ్చినట్టు లెక్కల్లో ఉంది గానీ అప్పటికి పేర్లే లేవు.

అట్లాంటిక్‌లో బాగా బలపడిన తుపానుల్ని హరికేన్లంటారు. వాటి సీజన్ జూన్ 1న మొదలై నవంబర్ 30తో ముగుస్తుంది. 2005లో జూన్ రెండో వారానికే ఆర్లీన్ వచ్చింది. జూలై అయ్యేసరికి ఏడు. మామూలు ఏడాదుల్లో అప్పటికి ఒకటో రెండో. తుపానుకు ఇంధనం వేడి నీళ్లే, ఆ ఏడాది అట్లాంటిక్ మామూలుకంటే వెచ్చగా ఉంది. తుపాను తలను కోసేసే పైగాలులు కూడా బలహీనంగా ఉన్నాయి.

ఆగస్టులో కత్రినా. దీని గురించి చాలా విన్నాం గానీ, ఒక విషయం ఎప్పుడూ వెనకపడిపోతుంది. 28న గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో ఐదో కేటగిరీలో (గాలి వేగాన్ని బట్టి ఇచ్చే ఐదు మెట్లలో అన్నిటికంటే పైది) ఉన్న హరికేన్, 29న లూసియానాలో తీరం దాటేసరికి మూడో కేటగిరీకి తగ్గింది. న్యూ ఆర్లీన్స్‌ని ముంచింది గాలి కాదు, తెగిన కట్టలు. కాలువల వెంట కట్టిన కాంక్రీటు గోడలు కొన్నిచోట్ల నీరు పైనుంచి పొర్లకముందే ఒరిగిపోయాయి. డిజైన్‌లోనే లోపముందని వాటిని కట్టించిన అమెరికా సైన్యపు ఇంజనీర్ల విభాగమే మరుసటి ఏడాది ఒప్పుకుంది. నగరంలో 80 శాతం నీళ్లపాలైంది. మృతుల సంఖ్య 1,833 అని ఏళ్ల తరబడి రాసుకున్నాం. 2023లో అమెరికా జాతీయ హరికేన్ కేంద్రం దాన్ని 1,392కి సవరించింది.

కత్రినా భయం ఇంకా తగ్గకముందే సెప్టెంబర్‌లో రీటా వస్తోందన్నారు. మన తెలుగువాళ్లు బాగా ఉండే హ్యూస్టన్, దాని చుట్టుపక్కల ప్రాంతాల నుంచి జనం లక్షల్లో కార్లెక్కారు. రోడ్లమీద గంటలకు గంటలు ట్రాఫిక్ కదల్లేదు, పెట్రోలు దొరకలేదు. తీరా తుపాను తూర్పుకు జరిగి టెక్సాస్, లూసియానా సరిహద్దులో తీరం దాటింది. ఆ ప్రయాణాల్లోనే వందమందికి పైగా చనిపోయారు.

అక్టోబర్ మొదట్లో వచ్చిన స్టాన్ పేరు మనలో ఎంతమందికి తెలుసు? మెక్సికో తీరం దాటేటప్పుడు అది మొదటి కేటగిరీయే, అంటే హరికేన్లలో అన్నిటికంటే చిన్న మెట్టు. కానీ ఆ రోజుల్లో మధ్య అమెరికా అంతటా వాన తెరిపివ్వకుండా కురిసింది. గ్వాటెమాలాలో అతిత్లాన్ సరస్సు పక్కన పనబాహ్ అనే మాయా ఆదివాసుల ఊరిమీదికి కొండచరియ జారి, వందలమంది బురదలో కూరుకుపోయారు. అన్ని దేశాల్లో కలిపి మృతులు వెయ్యి దాటారు. గాలి వేగాన్ని బట్టి ఇచ్చే కేటగిరీ నెంబరులో వాన లెక్క ఉండదు, కొండవాలు లెక్క ఉండదు, అక్కడ ఉండేవాళ్ల పేదరికం లెక్క అసలే ఉండదు.

అదే నెలలో విల్మా. ఒక్క రోజులో మామూలు తుపాను కాస్తా ఐదో కేటగిరీ అయింది. కేంద్రంలో పీడనం ఎంత తగ్గితే తుపాను అంత బలమైనది. విల్మాలో అది 882 మిల్లీబార్లకు పడిపోయింది. అట్లాంటిక్‌లో ఇప్పటికీ అదే రికార్డు. జాబితాలో అదే చివరి పేరు కూడా. అక్టోబర్ 22న మరొకటి పుట్టింది. పేర్లు అయిపోతే గ్రీకు అక్షరాలు వాడాలన్న నిబంధన ఎప్పటినుంచో కాగితాల మీద ఉంది, అవసరం పడటం మాత్రం అదే మొదటిసారి. అలా ఆల్ఫా, తర్వాత బీటా, గామా, డెల్టా, ఎప్సిలాన్. చివరిది జీటా డిసెంబర్ 30న పుట్టి, కొత్త కేలండర్లు గోడకెక్కాక 2006 జనవరి 6 దాకా బతికింది.

ఇక్కడ ఒక చిత్రం ఉంది. సీజన్ ముగిశాక నిపుణులు పాత సమాచారం మళ్లీ వడబోస్తే, అక్టోబర్ 4న అజోర్స్ దీవుల దగ్గర ఎవరూ గుర్తించని తుపాను ఒకటి బయటపడింది. దానితో మొత్తం 28 అయ్యాయి. దాన్ని అప్పుడే గమనించి ఉంటే తర్వాతి పేర్లన్నీ ఒక మెట్టు జరిగేవి, విల్మాకి ఆల్ఫా అని పేరు పడేది. అలా జరిగితే చిక్కు అప్పుడే బయటపడేది. ఎందుకంటే బాగా నష్టం చేసిన తుపాను పేరుని జాబితా నుంచి తీసేస్తారు. 2005లో డెన్నిస్, కత్రినా, రీటా, స్టాన్, విల్మా అలా పోయాయి. పేరుని తీసేసి ఇంకోటి పెట్టొచ్చు గానీ, గ్రీకు అక్షరమాలలోంచి ఒక అక్షరాన్ని ఎలా తీసేస్తారు? ఆ ప్రశ్నకు గట్టి జవాబు వెతకకుండానే పద్ధతిని కొనసాగించారు.

2020 వాళ్లను వదల్లేదు. ఆ ఏడాది 30 తుపానులకు పేర్లు పెట్టారు, గ్రీకులో అయోటా దాకా వెళ్లారు. నవంబర్‌లో నాలుగో కేటగిరీ హరికేన్లు రెండు, ఈటా, అయోటా, రెండు వారాల తేడాతో నికరాగువాలో దాదాపు ఒకే చోట తీరం దాటాయి. అంటే తీసేయాల్సిన పేర్లు ఈసారి అక్షరాలే. పైగా జీటా, ఈటా, థీటా వెంటవెంటనే వచ్చాయి. ఒకసారి పైకి చదివి చూడండి, ఏది ఏదో తెలుస్తుందా? హెచ్చరిక వినేవాళ్లకీ, చెప్పేవాళ్లకీ అదే గందరగోళం. అందుకే 2021లో అక్షరాలు పక్కనపెట్టి, ఆడ్రియాతో మొదలయ్యే అదనపు పేర్ల జాబితా తయారుచేశారు. అదే ఏడాది మళ్లీ 21 తుపానులు వచ్చాయి. సరిగ్గా చివరి పేరు వాండా దగ్గర ఆగడంతో కొత్త జాబితా తెరవాల్సిన పని పడలేదు.

మన బంగాళాఖాతానికి ఈ టెన్షన్ లేదు. ఇక్కడ 2004లో పేర్లు మొదలయ్యాయి, వాడిన పేరు మళ్లీ వాడరు. 2014లో విశాఖను కుదిపేసిన హుద్‌హుద్ పేరు ఒమన్ ఇచ్చింది. 2020లో 13 దేశాలు తలా 13 చొప్పున 169 పేర్లు ఇచ్చాయి.

అట్లాంటిక్‌లో మాత్రం జాబితా తిరుగుతూనే ఉంటుంది. 2005లో సముద్రం మీదే తిరిగి పోయిన హార్వీ, మరియా పేర్లే 2017లో మళ్లీ వచ్చి ఒకటి హ్యూస్టన్‌ని, ఇంకోటి ప్యూర్టోరికోని ముంచాయి. వాటినీ తీసేశారు. 2005 జాబితాలో ఇరీన్ ఉండేది. 2011లో దాన్ని తీసి ఇర్మా పెట్టారు, 2017లో ఇర్మాని తీసి ఇడాలియా పెట్టారు. ఆ జాబితా 2029లో మళ్లీ వాడతారు. మొదటి పేరు మాత్రం ఇంకా ఆర్లీనే.