పిల్లల ముందు మనం అనే మాట

"మావాడికి లెక్కలు రావండి" అని టీచరుతో చెప్పే తల్లిదండ్రులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఆ మాట అనేటప్పుడు పిల్లవాడు పక్కనే నిలబడి వింటుంటాడు. పెద్దవాళ్లకు అది ఉన్న సంగతి చెప్పడమే. కానీ తానెలాంటివాడో వాడు తెలుసుకునేది చాలావరకు ఇలాంటి మాటల నుంచే.

అమెరికాలోని చికాగోలో అయిదో తరగతి పిల్లల మీద రిచర్డ్ మిల్లర్, ఫిలిప్ బ్రిక్‌మన్, డయానా బోలెన్ చేసిన ప్రయోగం 1975లో అచ్చయింది. ఒక క్లాసుకు చెత్త కింద పడేయకూడదని, శుభ్రంగా ఉండాలని రోజూ నచ్చజెప్పారు. ఇంకో క్లాసుకు ఏ నీతులూ చెప్పలేదు. "మీరు శుభ్రత పాటించే పిల్లలు" అని టీచరు అన్నారు, ప్రిన్సిపాల్ కూడా వచ్చి అదే మాటతో మెచ్చుకున్నారు. తర్వాత చాక్లెట్లు పంచి, పైకాగితాలు డబ్బాలో పడుతున్నాయా నేల మీద పడుతున్నాయా అని లెక్కపెట్టారు. నీతులు విన్న క్లాసులో వచ్చిన కాస్త మార్పూ కొన్నాళ్లకే పోయింది. "మీరు ఇలాంటివాళ్లు" అనిపించుకున్న క్లాసులో మాత్రం అది నిలిచింది. ఏం చేయాలో చెప్పడం కంటే, మీరు ఎలాంటివాళ్లో చెప్పడం గట్టిగా పనిచేసిందన్నమాట. మంచి మాట ఇంతగా నాటుకుంటే చెడ్డ మాట నాటుకోదా?

మన మనసులోకి చూసుకుని మనల్ని మనం తెలుసుకుంటామని అనుకుంటాం. 1960లలో డారిల్ బెమ్ అనే మనస్తత్వవేత్త వేరే మాట చెప్పారు. లోపల ఏమీ స్పష్టంగా లేనప్పుడు మనమూ బయటివాళ్లలాగే మన పనులను చూసి, "ఓహో, నేను ఇలాంటివాణ్ణి" అని తేల్చుకుంటామట. కాలిఫోర్నియాలో కొందరిని ఇంటి ముందు "జాగ్రత్తగా నడపండి" అనే పెద్ద, వికారమైన బోర్డు పెట్టనిస్తారా అని అడిగితే 17 శాతం మందే సరేనన్నారు. రెండు వారాల ముందు అదే విషయం మీద మూడంగుళాల చిన్న బోర్డుకు ఒప్పుకోమని అడిగిన ఇళ్లలో 76 శాతం ఒప్పుకున్నారు. 1966 నాటి ఈ ఫలితానికి బెమ్ సిద్ధాంతం చక్కగా సరిపోతుంది. చిన్న పని చేశాక, వాళ్ల దృష్టిలో వాళ్లు రోడ్డు భద్రత పట్టించుకునే మనుషులయ్యారు.

మన దేశంలో జరిగినది ఇంతకంటే బాధపెడుతుంది. కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకు 'దారి కనుక్కోండి' పజిల్స్ ఇచ్చారు. ఎన్ని చేస్తే అన్ని రూపాయలు. కులం ప్రస్తావన లేనప్పుడు అగ్రకులాల పిల్లలు, దళిత పిల్లలు దాదాపు సమానంగా చేశారు. మొదలుపెట్టే ముందు ప్రతి పిల్లవాడి పేరు, ఊరు, తండ్రి తాతల పేర్లు, కులం అందరి ముందూ చదివినప్పుడు దళిత పిల్లలు బాగా వెనకబడ్డారు. అదే వయసు, అవే పజిల్స్. తెలివి ఎటూ పోలేదు. తమ మీద నమ్మకం సడలిందా, ఎలాగూ న్యాయం జరగదన్న అనుమానమా, రెండూనా అన్నది విడదీసి చెప్పడం కష్టం.

ఇలాంటి ప్రభావాలు అన్నిచోట్లా ఇంత బలంగా ఉండవు. ఆడపిల్లలకు లెక్కలు రావన్న మాట గుర్తుచేస్తే వాళ్ల మార్కులు తగ్గుతాయా అని తర్వాత చూసిన కొన్ని పెద్ద ప్రయోగాల్లో తేడా కనబడనే లేదు. "నువ్వు జీనియస్‌వి" అని రోజూ అన్నంత మాత్రాన రాని లెక్క వచ్చేయదు కూడా.

అయినా మన ఇంటర్ కాలేజీల పద్ధతి చూస్తే నాకు ఆ పల్లె బడే గుర్తొస్తుంది. వీక్లీ టెస్టు మార్కులను బట్టి సెక్షన్లు విడగొడతారు. ఎవరు ఏ సెక్షనో క్యాంపస్ మొత్తానికీ తెలుసు. సెక్షను పేరు గుర్తుచేస్తేనే కింది సెక్షన్ల పిల్లల మార్కులు తగ్గుతాయేమో చూడడం పెద్ద పనేం కాదు. ఆ సెక్షన్ల పిల్లలను చీటీలు తీసి రెండుగా విడదీసి ఒకే పేపరు ఇవ్వాలి. సగం మందిని మొదట సెక్షను పేరు రాయమనాలి, మిగతా సగం మందికి హాల్ టికెట్ నంబరు చాలు. మార్కులు పోల్చి చూడాలి. ఏ యాజమాన్యమైనా ఒక్క మధ్యాహ్నంలో చేయగల పని ఇది.