యాభై దగ్గరపడ్డాక ఎడారి ఊళ్లో పని: అపోహలు - వాస్తవాలు

నరసాపురం, పాలకొల్లు, రాజోలు, మలికిపురం... ఈ లంకల్లో, కాలవ గట్ల మీద గల్ఫ్ వెళ్లిన మనిషి లేని వీధి కనపడదు. ఒకప్పుడు పాతికేళ్లవాళ్లు వెళ్లేవారు. ఇప్పుడు నా దగ్గరికి సలహాకి వచ్చేవాళ్లలో నలభై అయిదు, యాభై దాటినవాళ్లే ఎక్కువ. చెరువులో రొయ్య పోయి అప్పులపాలైన రైతు, కూతుళ్ల పెళ్లిళ్లకి తెచ్చిన వడ్డీ కట్టలేకపోతున్న తల్లి, భర్త పోయాక కొడుకు చదువు భారం మీద పడ్డ ఆడమనిషి.

నేను నర్సుని. నలభై దాటాకే సౌదీ వెళ్లాను. ఉత్తరాన ఇరాక్ సరిహద్దు వైపున్న ఒక ఎడారి ఊళ్లో ఆసుపత్రిలో పనిచేసి వచ్చాను. ఇప్పుడు పాలకొల్లులో ఉంటూ, వెళ్లబోయేవాళ్లకి నాకు తెలిసింది చెబుతుంటాను. అందరూ జీతం గురించి అడుగుతారు, ఎండ గురించి అడుగుతారు. దూరం గురించి ఎవరూ అడగరు. ఆసుపత్రి ఎంత దూరం, పక్క ఇల్లు ఎంత దూరం, తెలుగు మాట వినపడే చోటు ఎంత దూరం అన్నది ముందే తెలుసుకోవాలి. నేను చూసిన కష్టాల్లో చాలావాటికి మూలం అదే.

అపోహ: సౌదీ అంటే రియాద్, కువైట్ అంటే సిటీ.

ఏజెంటు ఫోన్‌లో చూపించేవి ఆ ఫొటోలే. పని మాత్రం ఎక్కడైనా ఉండొచ్చు. సౌదీలో సకాకా చుట్టూ ఆలివ్ తోటలున్నాయి. వాదీ అద్దవాసిర్‌లో బోరు నీళ్లతో గుండ్రంగా పండించే పెద్ద పొలాలున్నాయి. కువైట్‌లో ఉత్తరాన అబ్దలీ, దక్షిణాన వఫ్రా వ్యవసాయ ప్రాంతాలు. వీటికి అవతల, ఇసుకలో గొర్రెల, ఒంటెల కొట్టాలు. కువైట్‌లో 20 నంబరు వీసా అంటే ఇంటి పని. ఆ వీసా మీద వెళ్లిన మగమనిషిని డ్రైవరుగానో వంటవాడిగానో అనుకుని పంపితే, చివరికి కొట్టం దగ్గర తేలిన సంగతులు మన మండలాల్లో కొత్త కాదు.

పనిలో పెట్టుకుని తన పేరున వీసా ఇప్పించే యజమానిని అక్కడ కఫీల్ అంటారు. అందుకే నేను మొదట అడగమనేది జీతం కాదు. "కఫీల్ ఇల్లు ఏ ఊళ్లో? పనిచేసే చోటు లొకేషన్ వాట్సాప్‌లో పెట్టండి" అని అడగండి. ఆ చుక్క నుంచి దగ్గరి ఆసుపత్రికి ఎన్ని కిలోమీటర్లో ఇంట్లో పిల్లలతో చూపించుకోండి. లొకేషన్ ఇవ్వని ఏజెంటుకి పాస్‌పోర్టు ఇవ్వొద్దు. దీని మీద నాకు రెండో మాట లేదు.

అపోహ: రోహిణి కార్తెలో చెరువు గట్టు మీద పనిచేసినవాడికి ఆ ఎండ ఒక లెక్కా?

ఈ మాట అనేవాళ్లు నిజంగానే కష్టజీవులు, వాళ్ల ఓపికని నేను తక్కువ చేయను. కానీ ఆ ఎండ తీరే వేరు. మన ఉక్కపోతలో చొక్కా తడిసి ముద్దవుతుంది, ఒంట్లో నీరు పోతోందని కంటికి తెలుస్తుంది. ఎడారిలో గాలి పొడిగా ఉంటుంది, పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. చొక్కా పొడిగానే ఉంటుంది, లోపల మనిషి ఎండిపోతుంటాడు. మూత్రం ముదురు పసుపు రంగుకి మారేదాకా తెలియదు. 2016 జులై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది, ప్రపంచ వాతావరణ సంస్థ కూడా దాన్ని ధ్రువీకరించింది.

యాభై దగ్గరపడ్డవాళ్లకి ఇంకో ఇబ్బంది ఉంది. వయసు పెరిగేకొద్దీ దాహం ఆలస్యంగా తెలుస్తుంది. బీపీకి వాడే కొన్ని మాత్రల్లో, ముఖ్యంగా హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసినవాటిలో, ఒంట్లో నీటిని మూత్రంగా బయటికి పంపే గుణం ఉంటుంది. షుగరు అదుపులో లేకపోతే మూత్రం ఎక్కువై నీరు ఇంకా పోతుంది. ఈ మూడూ ఒకే మనిషిలో ఉంటే మధ్యాహ్నానికి కళ్లు తిరిగి పడిపోవడం వింతేం కాదు. వెళ్లేముందే డాక్టరుకి "నేను ఎండలో పనికి వెళ్తున్నాను" అని చెప్పి మాత్రలు సరిచూపించుకోవాలి. సొంతంగా మానేయకూడదు.

ఎండదెబ్బకి ప్రాణం పోయేవాళ్లలో ఎక్కువమంది పనిలో చేరిన మొదటి కొద్ది రోజుల్లోనే పోతారు. శరీరం అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చెప్పే పద్ధతి ఏమిటంటే, కొత్తవాళ్లు మొదటి రోజు మామూలు పనివేళలో అయిదో వంతు మాత్రమే ఎండలో ఉండాలి, తర్వాత రోజుకి ఇంకో అయిదో వంతు చొప్పున పెంచుకోవాలి. సెలవుకి వచ్చి ఇంటి దగ్గర నెల ఉండి వెళ్లినా ఈ అలవాటు పోతుంది, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. సంక్రాంతికి వచ్చి వెళ్లేవాళ్లకి పెద్ద ఇబ్బంది లేదు, వేసవిలో పెళ్లికి వచ్చి వెళ్లేవాళ్లకే నా భయం.

మధ్యాహ్నం ఎండలో పని చేయించకూడదన్న నిషేధం నిజంగానే ఉంది. సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు 12 నుంచి 3 గంటల దాకా, కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు చివరి వరకు ఉదయం 11 నుంచి సాయంత్రం 4 దాకా. పెద్ద కంపెనీల్లో ఇది అమలవుతుంది. ఊరికి దూరంగా ఒంటరిగా ఉన్న కొట్టం దగ్గరికి తనిఖీకి వచ్చేవాళ్లని నేను చూడలేదు. అక్కడ మీ నీడ మీరే వెతుక్కోవాలి.

అపోహ: ఎడారిలో చలి ఎక్కడిది?

సౌదీ ఉత్తరాన అరర్, తురైఫ్ వైపు జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి వస్తుంది, కొన్నిసార్లు ఇంకా కిందికి పోతుంది. మన దగ్గర ధనుర్మాసం చలికి కప్పుకునే దుప్పటి అక్కడ చాలదు. స్వెట్టరు, మేజోళ్లు, చెవులు కప్పే టోపీ పెట్టుకుని వెళ్లండి.

అపోహ: యాభై దాటితే ఎమిగ్రేషన్ క్లియరెన్సు అక్కర్లేదు, అంతా సులువే.

మొదటి సగం నిజం. పదో తరగతి పాస్ కానివాళ్లు గల్ఫ్‌తో సహా 18 దేశాలకి పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్సు, అంటే మన ప్రభుత్వం ఇచ్చే అనుమతి, కావాలి. యాభై ఏళ్లు దాటినవాళ్లకి ఆ నియమం వర్తించదు. ఏజెంట్లు దీన్ని గొప్ప సౌకర్యంగా చెబుతారు. కానీ ఆ క్లియరెన్సుతోనే కాంట్రాక్టుని ప్రభుత్వం చూస్తుంది, ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి అవుతుంది. రెండేళ్లకి 275 రూపాయలు, పైన పన్ను కడితే 10 లక్షల రూపాయల బీమా వచ్చే పథకం అది. క్లియరెన్సు అక్కర్లేదంటే మీ కాగితాలని మీ తరఫున ఎవరూ చదవరని అర్థం. యాభై దాటినవాళ్లు కాంట్రాక్టుని తమకి తెలిసిన భాషలో చదివించుకోకుండా సంతకం పెట్టకూడదు.

ఆడవాళ్లకి ఇంకో మాట. క్లియరెన్సు అవసరమయ్యే పాస్‌పోర్టు ఉన్న మహిళలు ముప్పై ఏళ్లు నిండాకే, అదీ ప్రభుత్వ రిక్రూట్‌మెంట్ సంస్థల ద్వారానే ఇంటి పనికి వెళ్లాలి. మన రాష్ట్రంలో అది ఓంక్యాప్. "విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకుందాం అక్కా" అనే సబ్ ఏజెంటు ఈ రక్షణ మొత్తాన్నీ దాటిస్తున్నాడు. పై వయసుకీ హద్దుంది. కువైట్ 2015లో తెచ్చిన 68వ నంబరు చట్టం ప్రకారం ఇంటి పనికి తీసుకునేవాళ్ల వయసు 21, 60 ఏళ్ల మధ్య ఉండాలి. యాభై ఎనిమిదేళ్లకి లక్షల అప్పు చేసి బయల్దేరేవాళ్లు, ఆ అప్పు తీరేలోగా గడువు ముగుస్తుందేమో లెక్క వేసుకోవాలి. లైసెన్సున్న ఏజెంటు తీసుకోగలిగిన గరిష్ఠ రుసుము 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ. లైసెన్సు నంబరు ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడొచ్చు.

అపోహ: ఆజాద్ వీసా ఉంటే ఎక్కడైనా పని చేసుకోవచ్చు.

అలాంటి వీసా ఏ గల్ఫ్ దేశంలోనూ లేదు. ఎవరో కఫీల్ పేరున వచ్చిన వీసా అది. అతని దగ్గర కాకుండా వేరేచోట పనిచేస్తూ దొరికితే మీరే నేరస్థులు. సౌదీ 2021 మార్చిలో కంపెనీ మారే వెసులుబాటు ఇచ్చింది, కానీ ఇంటి పనివాళ్లకి, డ్రైవర్లకి, తోట పనివాళ్లకి, పొలం కూలీలకి, గొర్రెల కాపరులకి ఇవ్వలేదు. ఎడారి ఊళ్లో మనవాళ్లు చేసేవి ఎక్కువగా ఆ పనులే. చెప్పకుండా వెళ్లిపోతే కఫీల్ హురూబ్, అంటే పనివాడు పారిపోయాడన్న ఫిర్యాదు, పెడతాడు. ఆ తర్వాత అకామా, అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే కార్డు, పనిచేయదు, ఆసుపత్రికి వెళ్లడానికి కూడా భయపడాల్సి వస్తుంది.

అపోహ: మందులు, పొడులు మన దగ్గర్నుంచే ఓ సంచెడు పట్టుకెళ్తే చాలు.

బీపీ, షుగరు మందులు తీసుకెళ్లాలి. ఇంగ్లీషులో రాసిన చీటీతో, కంపెనీ ప్యాకింగ్‌లోనే ఉండాలి. నొప్పులకి వాడే ట్రమడాల్, దగ్గు మందుల్లోని కోడీన్, నిద్రకి వేసుకునే ఆల్ప్రజోలామ్ లాంటివి అక్కడ నియంత్రిత మందులు. చీటీ, అనుమతి లేకుండా దొరికితే కేసు పెడతారు. మసాలా పొడిలో గసగసాలు కలపొద్దు. మనకి అది కోడికూరలో వేసే దినుసు, సౌదీ, యూఏఈ కస్టమ్స్ వాళ్లకి నిషిద్ధ వస్తువు. పచ్చళ్ల మూట కట్టే అత్తలకి, అక్కలకి ఈ సంగతి ముందే చెప్పండి.

ఇన్సులిన్ వాడేవాళ్లు గదిలో ఫ్రిజ్ ఉందో లేదో అడగకుండా బయల్దేరవద్దు. కరెంటు జనరేటరు మీద నడిచే కొట్టంలో ఇన్సులిన్ పాడైపోతుంది, పాడైన సంగతి చూస్తే తెలియదు. షుగరుతో నరాలు మొద్దుబారిన పాదాలతో ఇసుక మీద చెప్పుల్లేకుండా నడిస్తే బొబ్బలెక్కినా నొప్పి తెలియదు. అలాంటి పాదాలకి నేను కట్లు కట్టాను. కొన్నిటికి వేళ్లు తీసేయాల్సి వచ్చింది. ఒంటెల దగ్గర పనిచేసేవాళ్లు పచ్చి పాలు తాగొద్దు. 2012లో సౌదీలో మొదట బయటపడ్డ మెర్స్ వైరస్ ఒంటెల నుంచి మనుషులకి వస్తుంది.

అపోహ: ఏమైనా అయితే ఎంబసీ ఉందిగా.

ఉంది. 1800-11-3090 ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం నంబరు, ఇండియా నుంచి ఉచితం. విదేశాంగ శాఖవారి మదద్ పోర్టల్‌లో ఇంటినుంచే ఫిర్యాదు పెట్టొచ్చు. కానీ రియాద్‌లోని ఎంబసీకి, ఉత్తరాది ఎడారి ఊళ్లకి మధ్య వందల కిలోమీటర్లుంటాయి. మనిషి ఎక్కడున్నాడో ఇంట్లోవాళ్లు చెప్పలేకపోతే ఎంబసీవాళ్లు ఎక్కడని వెతకగలరు? "మా ఆయన సౌదీలో ఉన్నాడు సిస్టరుగారూ, ఊరు పేరు తెలీదు" అంటూ వచ్చే భార్యలని చూస్తే నాకు గుండె తరుక్కుపోతుంది. పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు ఫొటోలు, కఫీల్ పేరు, ఫోన్ నంబరు, దిగాక అకామా నంబరు, పనిచేసే చోటు లొకేషన్, ఇవన్నీ ఇంట్లో కనీసం ఇద్దరి ఫోన్లలో ఉండాలి. చోటు మారిన రోజే కొత్త లొకేషన్ పంపాలి. వారానికి ఏ రోజు, ఏ వేళకి మాట్లాడతారో ముందే అనుకోవాలి. రెండు వారాలు వరసగా ఫోను రాకపోతే ఎవరి కోసమూ ఆగకుండా ఇంట్లోవాళ్లు 1800-11-3090కి చేసెయ్యాలి.