వీసీ కుర్చీ: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళంలో ఏ పెళ్ళి భోజనానికి కూర్చున్నా, నేను విశ్వవిద్యాలయ పాలన విభాగంలో పనిచేశానని తెలియగానే పక్కవారు అడిగే మొదటి మాట ఒకటే. "ఈసారి వీసీ ఎవరి మనిషండీ?" వీసీ అంటే వైస్ ఛాన్సలర్, విశ్వవిద్యాలయాన్ని నడిపే అధికారి. పాతికేళ్ళు ఫైళ్ళ మధ్య గడిపిన నాకు ఆ ప్రశ్న వింటే మనసుకు కష్టంగా ఉంటుంది. అడిగినవారి మీద కోపం లేదు. అడగవలసింది మరుగున పడిపోతోందనే నా బాధ.

అపోహ: వీసీని ముఖ్యమంత్రి తనకు నచ్చినట్టు నియమించుకుంటారు.

వాస్తవం: చట్టంలో రాసింది వేరు. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో చాలావాటికి 1991 నాటి ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల చట్టమే ఆధారం. పాలక మండలి తరఫున ఒకరు, యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) తరఫున ఒకరు, ప్రభుత్వం తరఫున ఒకరు కూర్చునే సెర్చ్ కమిటీ కొన్ని పేర్లు సూచిస్తుంది. వాటిలో ఒకరి పేరుతో, ఛాన్సలర్ (విశ్వవిద్యాలయ అధిపతి) హోదాలో ఉన్న గవర్నర్ నుంచి ఉత్తర్వు వస్తుంది. పదవీకాలం మూడేళ్ళు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ప్రొఫెసర్‌గా గానీ, పేరున్న పరిశోధన లేదా విద్యా పాలన సంస్థలో గానీ కనీసం పదేళ్ళ అనుభవం ఉండాలి. ఇవి కాగితం మీది మాటలే అనుకోవద్దు. గుజరాత్‌లోని సర్దార్ పటేల్ విశ్వవిద్యాలయం వీసీ నియామకం యూజీసీ నిబంధనలకు విరుద్ధమంటూ 2022లో సుప్రీంకోర్టు రద్దు చేసింది.

అలాగని ప్రభుత్వానికి పట్టు లేదని నేను అనను. కమిటీని ఎప్పుడు వేయాలి, ఎప్పుడు సమావేశపరచాలి, ఫైలు ఎప్పుడు పైకి పంపాలి అన్నవి సచివాలయం చేతిలోనే ఉంటాయి. అందరూ పేరు దగ్గర రాజకీయాన్ని వెతుకుతారు. నేను చూసినంతలో అది తేదీల దగ్గర ఎక్కువగా పనిచేస్తుంది.

అపోహ: వీసీ కుర్చీ కొన్నాళ్ళు ఖాళీగా ఉన్నా విద్యార్థికి వచ్చే నష్టం లేదు. ఇన్‌ఛార్జి ఉంటారు కదా.

వాస్తవం: నాకు అన్నిటికన్నా కోపం తెప్పించే మాట ఇదే. ఇన్‌ఛార్జిగా వచ్చినవారు చాలాసార్లు మరోచోట బాధ్యతల్లో ఉంటారు. రోజువారీ సంతకాలు తప్ప పెద్ద నిర్ణయాల జోలికి పోరు. దాన్ని నేను తప్పు పట్టను. రేపు రాబోయే వీసీ తిరగతోడే నిర్ణయం మీద ఇవాళ ఎవరు సంతకం పెడతారు? కొత్త కోర్సు, పదోన్నతి, స్నాతకోత్సవం తేదీ, ఏ ఫైలు విప్పినా చివరి పుటలో ఒకే వాక్యం కనిపించేది: "రెగ్యులర్ వీసీ చేరిన తరువాత సమర్పించవలెను." ఆ వాక్యం నేనే నా చేతితో ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు.

అలాంటి రోజుల్లో, పలాస వైపు నుంచి ఒక అమ్మాయి తండ్రిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన జీడిపప్పు కార్ఖానాలో కూలి. ఉద్యోగంలో చేరడానికి ఒరిజినల్ డిగ్రీ చూపించాలన్నారట. పట్టా అచ్చయింది, ముద్ర పడింది, వీసీ సంతకం మాత్రం లేదు. ఇన్‌ఛార్జి గారు వేరే ఊళ్ళో ఉంటారు. సంతకానికి వెళ్ళే కాగితాలన్నీ ఎర్రగుడ్డ మూట కట్టి, కారులో పంపేవాళ్ళం. ఆ తండ్రీకూతుళ్ళు మూడుసార్లు వచ్చారు. మూడోసారి ఆయన నా బల్ల అంచు పట్టుకుని, "మళ్ళీ ఎప్పుడు రమ్మంటారు బాబూ, నాకు ఈరోజు కూలి పోయింది" అన్నారు. వారం తరువాత పట్టా చేతికిచ్చాం. ఆ మాట మాత్రం నన్ను ఇప్పటికీ వదలలేదు.

2024లో ప్రభుత్వం మారాక రాష్ట్రంలో పలువురు వీసీలు రాజీనామా చేశారు. తొమ్మిది విశ్వవిద్యాలయాలకు కొత్త వీసీల పేర్లు 2025 ఫిబ్రవరిలో వచ్చాయి. ఎవరు వెళ్ళారు, ఎవరు వచ్చారు అని మనం నెలల తరబడి వాదించుకున్నాం. ఆ మధ్యకాలంలో ఎన్ని ఫైళ్ళు ఆగాయో అడిగినవారు నాకు కనబడలేదు.

అపోహ: అన్ని విశ్వవిద్యాలయాలకూ గవర్నరే పెద్ద.

వాస్తవం: మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు చూస్తేనే తేలిపోతుంది. శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్లలో ఒకప్పుడు ఆంధ్ర విశ్వవిద్యాలయం పీజీ కేంద్రంగా నడిచి, 2008లో విశ్వవిద్యాలయమైన అంబేడ్కర్ వర్సిటీకి గవర్నరే ఛాన్సలర్. అదే మండలంలో ట్రిపుల్ ఐటీ క్యాంపస్ ఉంది. దాని మాతృసంస్థ ఆర్జీయూకేటీ (రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం)కి తొలి ఛాన్సలర్ గవర్నర్ కాదు, కంప్యూటర్ రంగంలో పెద్ద గౌరవమైన ట్యూరింగ్ అవార్డు గ్రహీత ప్రొఫెసర్ రాజ్ రెడ్డి. విజయనగరంలోని జేఎన్టీయూ గురజాడ మళ్ళీ గవర్నర్ కిందికే వస్తుంది. ఆ జిల్లాలోనే ఉన్న కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి విజిటర్, అంటే అందరికన్నా పై హోదాలో ఉండేది, రాష్ట్రపతి.

అపోహ: కేంద్రం నడిపే సంస్థకు రాష్ట్ర రాజకీయాలు అంటవు.

వాస్తవం: భూమి ఇవ్వవలసింది రాష్ట్రమే. గిరిజన విశ్వవిద్యాలయం 2014 విభజన చట్టంలో ఇచ్చిన హామీ. దానికి చట్టం 2019లో వచ్చింది. స్థలం మొదట కొత్తవలస మండలం రెల్లిలో అనుకున్నారు. 2019లో ప్రభుత్వం మారాక అది మెంటాడ, దత్తిరాజేరు మండలాల వైపు జరిగింది. శంకుస్థాపన జరిగింది 2023 ఆగస్టులో. ఈలోగా పిల్లలు తాత్కాలిక భవనాలలోనే చదువుకున్నారు.

అపోహ: అధ్యాపకుల ఖాళీలు నిండకపోవడం వీసీ చేతకానితనం.

వాస్తవం: పోస్టు మంజూరు, జీతాల నిధులు ప్రభుత్వానివి. అనుమతి లేనిదే వీసీ ఒక్కరిని కూడా శాశ్వతంగా తీసుకోలేరు. 2023లో రాష్ట్రవ్యాప్తంగా 3,220 పోస్టులకు నోటిఫికేషన్లు వచ్చాయి. వ్యవహారం కోర్టుకెక్కి ఆగిపోయింది.

అపోహ: పూర్వం వీసీలకు రాజకీయ వాసనే ఉండేది కాదు.

వాస్తవం: 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్‌గా వచ్చిన కట్టమంచి రామలింగారెడ్డి అచ్చమైన రాజకీయ నాయకుడు. 1923లో మద్రాసు శాసన మండలిలో పానగల్లు రాజా మంత్రివర్గం మీద అవిశ్వాస తీర్మానం పెట్టింది ఆయనే. సత్యాగ్రహుల మీద బ్రిటిష్ ప్రభుత్వం సాగించిన దమనకాండకు నిరసనగా 1930లో అదే కట్టమంచి వీసీ పదవికి రాజీనామా చేశారు. రాజకీయం తెలిసిన మనిషి కుర్చీలో కూర్చోవడం నన్ను భయపెట్టదు. అవసరమైన రోజున ఆ కుర్చీ వదలగలరా అన్నదే నేను చూస్తాను.

అపోహ: ఇవన్నీ పైవాళ్ళ సంగతులు, మనకు తెలిసే దారి లేదు.

వాస్తవం: సమాచార హక్కు కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి. గత వీసీ పదవీకాలం ఏ రోజున ముగిసింది, సెర్చ్ కమిటీని ఏ రోజున నియమించారు, పాలక మండలి చివరిగా ఏ రోజున సమావేశమైంది. ఈ మూడు తేదీలు చాలు. జవాబివ్వడానికి వాళ్ళకు ముప్పై రోజుల గడువు ఉంటుంది.