సరిహద్దు జైళ్లలో పాస్టర్: చట్టం వేయని కుర్చీ
ఇంగ్లండ్‌లో ప్రతి జైలుకూ ఒక చాప్లిన్, అంటే జైలు మతగురువు, ఉండి తీరాలి. 1952 నాటి జైళ్ల చట్టం గవర్నర్‌తో పాటే ఆ పదవినీ చేర్చింది. జీతమిచ్చి మతగురువును పెట్టుకోవచ్చని అక్కడి పార్లమెంటు 1773లోనే ఒప్పుకుంది. ఆ దొరలే 1894లో మనకు జైళ్ల చట్టం రాస్తూ సూపరింటెండెంట్, డాక్టర్, జైలర్ అని వరస పెట్టారు గానీ చాప్లిన్ ఊసెత్తలేదు. కంపెనీ కాలం నుంచీ సర్కారు జీతం తీసుకున్న చాప్లిన్లు ఉన్నా, వాళ్లు ప్రధానంగా తెల్ల సిపాయిలకు, ఆఫీసర్లకు.

అందుకే ఒడిశా సరిహద్దులోని కొరాపుట్, రాయగడ, పర్లాకిమిడి వైపు జైలుకెళ్లే పాస్టర్‌కు హోదా లేదు, జీతం లేదు. ఉన్నదల్లా సూపరింటెండెంట్ ఇచ్చే అనుమతి. కేథలిక్కుల్లో 1981లో కేరళలో మొదలైన ప్రిజన్ మినిస్ట్రీ ఇండియా కూడా వాలంటీర్లతో నడిచేదే.

ఇక్కడి క్రైస్తవ సంఘాలు మాత్రం పాతవి. 1882లో జర్మనీ నుంచి వచ్చిన బ్రెక్లుమ్ మిషన్ లూథరన్లు జయపురం ప్రాంతంలో, కెనడా బాప్టిస్టులు పర్లాకిమిడి వైపు పనిచేశారు. అప్పుడిదంతా మద్రాసు ప్రెసిడెన్సీ. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి సరిహద్దు మారింది. తెలుగు కుటుంబాలు ఉన్నచోటే ఉండిపోయాయి.

అసలు చిక్కు 1967లో వచ్చింది. ఆ ఏడాది ఒడిశా చేసిన మత స్వేచ్ఛ చట్టం బలవంతం, మోసంతో పాటు ప్రలోభంతో మతం మార్చడాన్నీ నేరం చేసింది. డబ్బే కాదు, వస్తువు ఇవ్వజూపినా ప్రలోభమే. సుప్రీంకోర్టు 1977లో ఈ చట్టాన్ని సమర్థించింది. క్రిస్మస్‌కి ఖైదీ చేతిలో ఒక సబ్బు, టవల్ పెట్టాలన్నా పాస్టర్‌కు టెన్షన్ ఎందుకో దీన్నిబట్టి అర్థమవుతుంది. పోనీ, ఇంటికి ఫోన్ చెయ్యమని ఖైదీ నంబర్ రాసిచ్చిన చీటీ జేబులో వేసుకుందామా అంటే, రూల్స్ తప్పి కబుర్లు చేరవేస్తే ఆరు నెలల దాకా జైలని 1894 చట్టం 42వ సెక్షన్ చెబుతుంది. ఆ చీటీ జైలర్ చూశాకే గేటు దాటాలి.

నన్నడిగితే, తెలుగు విచారణ ఖైదీకి ప్రార్థన కన్నా ముందు కావాల్సింది జామీను, అంటే పూచీ పడే మనిషి. అరెస్టయింది ఒడిశాలో, ఆస్తీ బంధువులూ ఉన్నది పార్వతీపురంలోనో సాలూరులోనో. స్థానిక జామీను అడిగితే ఎక్కడి నుంచి తెస్తాడు? 1978లో మోతీరామ్ కేసులో సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ కృష్ణయ్యర్ అడిగింది ఇదే: ఎక్కడో దూరాన పట్టుబడిన తెలుగువాడు ఏం చెయ్యాలి అని. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు మరో అడుగు వేసింది. బెయిల్ వచ్చిన ఏడు రోజుల్లో విడుదల కాకపోతే సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలి. స్థానిక జామీను వల్లే ఆలస్యమైతే కోర్టులు ఆ షరతు పెట్టకుండా ఉండొచ్చు.

న్యాయసేవాధికార సంస్థకు ఆ కబురు వెళ్లిందా లేదా అని జైలర్‌ను మర్యాదగా అడగడం ఏ చట్టం కిందా నేరం కాదు. కస్టడీలో ఉన్నవాడికి ఉచిత లాయర్ హక్కని 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం చెబుతోంది. ఆ మాట తెలుగులో చెప్పడమూ నేరం కాదు.