కోర్టు అండ లేని పేపరు

డిగ్రీలో వారసత్వం, పౌర విలువల పేపరు తప్పనిసరిగా ఉండాలా అన్న వాదన మళ్లీ రాజుకుంది. ఇలాంటప్పుడు స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో విశ్వవిద్యాలయ విద్యపై వేసిన రాధాకృష్ణన్ కమిషన్ దగ్గర మొదలుపెట్టి కమిటీలన్నీ ఏకరువు పెట్టడం ఆనవాయితీ. ఆ జాబితా ఎవరికైనా కంఠతా వచ్చేదే కాబట్టి వదిలేద్దాం. వరంగల్ వరకు చూస్తే చిక్కుముడి పడింది 2016లో.

అంతకుముందు వార్షిక పరీక్షల రోజుల్లో బీఏ, బీకాం, బీఎస్సీ అన్న తేడా లేకుండా ‘భారతీయ వారసత్వం–సంస్కృతి’ చదవాల్సి వచ్చేది. అదేమీ ఆణిముత్యం కాదు. వారం ముందు గైడు కొనుక్కుని గట్టెక్కే పేపరే. సింధు నాగరికత గురించి పేజీలు నింపిన విద్యార్థి, హన్మకొండ నడిబొడ్డున 1163 నాటి శాసనంతో నిలబడి ఉన్న వేయిస్తంభాల గుడి గురించి ఒక్క వాక్యం రాయకుండానే పట్టా పుచ్చుకునేవాడు. అయినా టైంటేబుల్లో దానికంటూ ఒక పీరియడ్ ఉండేది. చరిత్ర అధ్యాపకుడు సైన్సు తరగతి గదిలోకి అడుగుపెట్టే సందర్భం అదొక్కటే.

2016–17లో తెలంగాణ డిగ్రీ కాలేజీల్లోకి సెమిస్టర్లు, బోధన గంటలను బట్టి పేపరుకు ఇన్ని పాయింట్లని లెక్కించే క్రెడిట్ల పద్ధతి వచ్చాయి. డిగ్రీ సీట్లను ఆన్‌లైన్‌లో కేటాయించే దోస్త్ ద్వారా ప్రవేశాలు మొదలైందీ ఆ ఏడాదే కావడంతో అందరి కళ్లూ సీట్ల మీదే ఉన్నాయి. ఈలోపు ఉమ్మడి పేపర్లు రెండేసి క్రెడిట్ల ఇరుకు గదుల్లోకి సర్దుకోవాల్సి వచ్చింది. పర్యావరణ అధ్యయనం నిలబడింది. జెండర్ అవగాహన, కంప్యూటర్ పరిజ్ఞానం వంటివి వచ్చి చేరాయి. వారసత్వం పేపరుకు చోటు దక్కలేదు.

పర్యావరణం ఎందుకు నిలిచిందో తెలియాలంటే పాతికేళ్లు వెనక్కి వెళ్లాలి. న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో 1991లో సుప్రీంకోర్టు పర్యావరణ విద్యను తప్పనిసరి చేయాలని చెప్పింది. ఆ తర్వాత విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) అన్ని డిగ్రీ కోర్సులకూ ఆరు నెలల పాఠ్యాంశం తయారుచేసింది. దాన్ని తీసేయాలంటే ఏ విశ్వవిద్యాలయమైనా కోర్టుకు జవాబు చెప్పుకోవాలి. వారసత్వం పేపరు వెనుక అలాంటి తీర్పేమీ లేదు. పోయినా అడిగేవారు లేరు, ఎవరూ అడగలేదు కూడా.

చరిత్ర అధ్యాపకుల మాట ఇక్కడ వినాలి. పేపరుతో పాటు వర్క్‌లోడ్ పోయిందని వారు అంటారు. వారానికి ఇన్ని గంటల బోధన ఉంటేనే పోస్టు ఉందని లెక్క. గంటలు తగ్గితే రిటైరైన వారి కుర్చీ ఖాళీగా మిగులుతుంది, లేదా కాంట్రాక్టు, పార్ట్‌టైం వారితో నడుస్తుంది. కొత్త పద్ధతి మొదట కోత పెట్టింది విలువలకు కాదు, విలువలు చెప్పేవారికి అన్నది వారి వాదన. భావజాలాల పోరు అని పెద్ద మాటలతో చెప్పే వివరణల కంటే నాకు ఇదే సబబుగా కనిపిస్తోంది.

పేపరు వద్దనే వారికీ ఒక భయం ఉంది. వారసత్వం పేరిట ఒకే మతం కథ చెబుతారేమోనన్నది వారి అనుమానం. దానికి సమాధానం రాజ్యాంగంలోనే దొరుకుతుంది. 1976లో 42వ సవరణతో చేరిన 51–ఎ అధికరణం మన ‘ఉమ్మడి సంస్కృతి’ వారసత్వాన్ని కాపాడుకోవడం పౌరుడి విధి అంటుంది. వరంగల్ కోటలో కాకతీయుల కీర్తితోరణాలకు నడక దూరంలో ఇస్లామీ శైలిలో కట్టిన ఖుష్ మహల్ ఉంది. రెండింటినీ చూపించి వచ్చే పాఠానికి భయపడాల్సిన పనిలేదు.

రామప్ప గుడికి 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు రావడంతో గాలి మారింది. ఇక 2023లో యూజీసీ మార్గదర్శకాలు వచ్చాయి. మొత్తం క్రెడిట్లలో కనీసం 5 శాతం భారతీయ జ్ఞాన సంప్రదాయాలకు కేటాయించేలా ప్రోత్సహించాలన్నాయి. మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు అనుకుంటే ఇవి ఆరు. వాటిలో కనీసం సగం విద్యార్థి ప్రధాన సబ్జెక్టుకు సంబంధించినవై ఉండాలని కూడా అందులోనే ఉంది. తప్పనిసరి చేయమనే వారు ఆ 5 శాతాన్నే పట్టుకుంటారు, ఈ సగం మాట ఎత్తరు.

నిజానికి మనకు పనికొచ్చేది ఆ సగమే. రామప్ప పునాదిలో ఇసుక ఎందుకు నింపారో, శిఖరానికి వాడిన ఇటుకలు అంత తేలికగా ఎలా ఉన్నాయో భౌతికశాస్త్రం చదివే పిల్లలకు చక్కటి ప్రాజెక్టు అవుతుంది. కాకతీయ రాజు గణపతిదేవుడి సోదరి మైలాంబ తవ్వించిన బయ్యారం చెరువు, దాని శాసనం బీఏ వారికి చాలు. బీకాం వారికైతే మోటుపల్లి ఓడరేవులోని అభయ శాసనం ఉంది. తుపానుకు ఓడ పగిలితే సరుకంతా రాజులు లాక్కునే రోజుల్లో, నిర్ణీత సుంకం తప్ప ఏమీ తీసుకోబోమని గణపతిదేవుడు 1244లో రాతి మీద చెక్కించి వర్తకులకు హామీ ఇచ్చాడు. పాలకుడు తన చేతులు తానే కట్టేసుకున్న ఆ నాలుగు వాక్యాల్లో వారసత్వమూ ఉంది, పౌర నీతీ ఉంది.

పేపరు తిరిగి వస్తే దాన్ని ఏ విభాగానికి అప్పగిస్తారన్నది ఇంకా తేలాలి. చరిత్ర విభాగానికి గంటలు, గంటలతో పాటు పోస్టులు ఇస్తారా, లేక ఎవరికి పీరియడ్లు తక్కువ పడితే వారి చేతిలో పెడతారా అన్నది సిలబస్ పుస్తకంలో కనిపించదు. టైంటేబుల్ వేసే రోజున కనిపిస్తుంది.