మంచు అంచు ఎక్కడ పడుతుంది?

న్యూజెర్సీలోనో బోస్టన్ చుట్టుపక్కలో ఉండే మనవాళ్లకు చలికాలం వస్తే ఒక మాట చెవిన పడుతూనే ఉంటుంది: నార్‌ఈస్టర్. ఈశాన్యం నుంచి గాలి కొట్టే తుపాను కాబట్టి ఆ పేరు. కబురు తెలియగానే దుకాణాల్లో పాలు, బ్రెడ్డు ఖాళీ. తెల్లారి చూస్తే ఒక్కోసారి రెండడుగుల మంచు, ఒక్కోసారి ఉత్త చినుకులు. వాతావరణం వాళ్లను తిట్టుకోవడం అక్కడ రివాజు. తుపాను వస్తుందా రాదా అన్నది వాళ్లకు ఇప్పుడు బాగానే తెలుస్తోంది. చిక్కంతా దాని అంచు ఎక్కడ పడుతుందన్న దగ్గరే.

1743లో ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ చంద్రగ్రహణం చూద్దామని కాచుకుని కూర్చున్నాడు. ఈశాన్య గాలితో మబ్బు కమ్మి ఏమీ కనబడలేదు. గాలి వచ్చిన దిక్కునే బోస్టన్ ఉంది కనుక అక్కడ ముందే ముసురు పట్టి ఉంటుందనుకున్నాడు. తీరా కనుక్కుంటే బోస్టన్ వాళ్లు గ్రహణం చక్కగా చూశారు, తుపాను వాళ్లకు ఆ తర్వాతే తగిలింది. గాలి వీచే దిక్కు వేరు, తుపాను నడిచే దిక్కు వేరు అని ఆయనకు అలా తట్టింది.

మన బంగాళాఖాతం తుపానుకు బలం వెచ్చని సముద్రం. నార్‌ఈస్టర్‌కు బలం వేడికీ చలికీ మధ్య ఉన్న తేడా. కెనడా నుంచి దిగిన చలిగాలి అపలాచియన్ కొండలకూ తీరానికీ మధ్య ఇరుక్కుని కదలదు. కాస్త దూరంలో సముద్రంలో గల్ఫ్ స్ట్రీమ్ అనే ప్రవాహం గోరువెచ్చగా పారుతుంటుంది. ఈ రెండింటి సరిహద్దున పుట్టిన అల్పపీడనం గంటల్లో ముదిరిపోతుంది. పీడనం 24 గంటల్లో సుమారు 24 మిల్లీబార్లు పడిపోతే దాన్ని ‘బాంబు’ అనాలని 1980లో శాండర్స్, గ్యాకుమ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు రాశారు. ఆ మాట ఇప్పుడు టీవీ వాళ్ల నోట్లో బాగా నానుతోంది.

1888 మార్చి నాటికి వాతావరణ సూచనలు అమెరికా సైన్యంలోని సిగ్నల్ కోర్ చేతిలో ఉండేవి. వాళ్లకున్న ఆధారం టెలిగ్రాఫ్ తీగ మీద వచ్చే కబుర్లే. నేల మీద కేంద్రాలున్నాయి, సముద్రం మీద ఏముందో చెప్పేవాళ్లు లేరు. పైగా న్యూయార్క్ కార్యాలయం శనివారం రాత్రి మూసి ఆదివారం సాయంత్రానికి గానీ తెరవలేదు. ఆ నెలలో ఒక నార్‌ఈస్టర్ ఆదివారం వానగా మొదలై సోమవారం తెల్లారేసరికి మంచు తుపానయింది. కనెక్టికట్, మసాచుసెట్స్‌లలో కొన్నిచోట్ల నాలుగడుగులు దాటి పడింది. 400 మందికి పైగా పోయారు. తీగలు తెగి, బోస్టన్ నుంచి న్యూయార్క్‌కు కబురు సముద్రం కింది కేబుల్ ద్వారా ఇంగ్లండ్ చుట్టి రావలసి వచ్చింది! తీగలను భూమిలోకి దించాలన్న వాదనకు, భూగర్భ రైళ్లకు ఆ తుపాను ఊతమిచ్చింది. వాతావరణ శాఖ 1891లో వ్యవసాయ శాఖ కిందికి మారింది.

సిద్ధాంతం మాత్రం అట్లాంటిక్ అవతలి ఒడ్డున పుట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో బయటి వాతావరణ సమాచారం ఆగిపోతే, నార్వేలోని బెర్గెన్‌లో విల్హెల్మ్ బ్యెర్‌క్‌నెస్ బృందం తమ తీరం వెంబడే దగ్గర దగ్గరగా కేంద్రాలు పెట్టుకుంది. వేడి గాలీ చల్ల గాలీ తలపడే గీతకు వాళ్లు పెట్టిన పేరు ఫ్రంట్, అంటే సైన్యాలు తలపడే చోటు, ఆ యుద్ధం నాటి మాటే. 1950లో ఎనియాక్ అనే తొలితరం కంప్యూటర్ మీద శాస్త్రవేత్తలు చార్నీ, ఫాన్ నాయ్‌మన్ బృందం లెక్కవేసిన 24 గంటల సూచనకు దాదాపు 24 గంటలే పట్టింది. అయిదేళ్లకు అది రోజువారీ పనైంది.

అంతా కుదిరిందనుకున్నాక 1978 ఫిబ్రవరి వచ్చింది. ఈసారి కంప్యూటరు సరిగ్గానే చెప్పింది. పొద్దున్నే మొదలవ్వాల్సిన మంచు కొన్ని గంటలు ఆలస్యమైందంతే. బోస్టన్ జనం ఆకాశం చూసి, ఇదీ మామూలేలే అనుకుని పనులకు వెళ్లిపోయారు. సాయంత్రానికి ఊరి చుట్టూ తిరిగే రూట్ 128 రహదారి మీద 3 వేలకు పైగా కార్లు కూరుకుపోయాయి. ఊళ్లో 27.1 అంగుళాల మంచు. సూచన తప్పి జరిగిన నష్టం కాదిది, జనం దాన్ని నమ్మక జరిగింది. అంతకు ముందు తప్పిన సూచనల అప్పు ఆ రోజు తీరిందని నాకనిపిస్తుంది.

మరుసటి ఏడు అదే నెలలో కథ తిరగబడింది. వాషింగ్టన్‌కు కొద్దిపాటి మంచే అన్నారు, ఒకటిన్నర అడుగు పడింది. అప్పుడక్కడ నిరసనకు ట్రాక్టర్లతో వచ్చిన రైతులున్నారు. అంతవరకూ నగరానికి తలనొప్పైన ఆ ట్రాక్టర్లే నర్సులనూ డాక్టర్లనూ ఆసుపత్రులకు చేర్చాయి. ఈ తుపానును లూయీ ఉచెలీనీ, పాల్ కోసిన్ వంటి వాతావరణ శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి తవ్వి చూశారు. 1986లో నార్త్ కరొలైనా తీరంలో అల్పపీడనాల పుట్టుక మీద పెద్ద ప్రయోగమే నడిచింది. 1993 మార్చి మహా తుపానును అయిదు రోజుల ముందే పసిగట్టగలిగారంటే ఈ శ్రమ కూడా ఒక కారణం. మంచు పడకముందే రాష్ట్రాలు అత్యవసర పరిస్థితి ప్రకటించాయి.

ఇక 2015 జనవరి. న్యూయార్క్‌కు 20 నుంచి 30 అంగుళాలన్నారు. మంచు కారణంగా సబ్‌వేను మూసెయ్యడం దాని చరిత్రలో అదే మొదటిసారి. సెంట్రల్ పార్కులో పడింది 9.8 అంగుళాలు. తుపాను తప్పిపోలేదు, కాస్త తూర్పుకు జరిగిందంతే. దగ్గర్లోని లాంగ్ ఐలండ్‌లో, అటు బోస్టన్‌లో రెండేసి అడుగులు పడనే పడింది. వాతావరణ అధికారి ఒకరు బహిరంగంగా క్షమాపణ చెప్పారు. నన్నడిగితే చెప్పాల్సిన పనిలేదు. కాకపోతే ఒకే అంకె ముందుకు తోయకుండా, ఎంత అటూ ఇటూ కావచ్చో గట్టిగా చెప్పి ఉండాల్సింది.

మంచు పడడంలోనూ మెలికలున్నాయి. అంగుళం వానకు పదంగుళాల మంచన్నది మోటు లెక్క. గాలి చలిని బట్టి అది మారిపోతుంది. మేఘంలో జోరుగా మంచు కురిపించే సన్నని పట్టీలు కడతాయి. పట్టీ కింద ఉన్న ఊరికి గంటకు మూడంగుళాలు, పక్క ఊరికి ఏదో కాస్త. వీటి గుట్టు తెలుసుకోవడానికే నాసా 2020, 2022, 2023 చలికాలాల్లో ఒక విమానాన్ని మేఘాల పైన, ఇంకొకదాన్ని మేఘాల్లోపల నడిపింది.

2016 జనవరి తుపాను సంగతి రోజుల ముందే తెలుసు. అది పోయాక సెంట్రల్ పార్కు లెక్క 26.8 అంగుళాలన్నారు. మూడు నెలలు విచారించి, కబురు చేరవేయడంలో పొరపాటు జరిగింది, 27.5 అని దిద్దారు. దాంతో అది నగర రికార్డయింది. పక్కన న్యూజెర్సీలోని నెవార్క్ విమానాశ్రయం కొలిచిన 28.1ని మాత్రం, కొలిచిన పద్ధతి సరిగా లేదని పక్కన పెట్టేశారు.